పచ్చచుక్క కింద నెత్తురు, కంటిలో వాయు బుడగ

మన కంటి వెనుక గోడకు అంటుకుని ఒక పలుచని పొర ఉంటుంది. దాన్నే రెటీనా అంటాం. ఆ పొరకు నట్టనడుమ, అయిదారు మిల్లీమీటర్ల మేర ఉండే చిన్న చోటు పేరు తెలుగు పాఠ్యపుస్తకాల్లో పచ్చచుక్క. తమిళంలో మంజళ్ పుళ్ళి అంటారు. ఈ పేరుతో మా తరగతిలో ప్రతి ఏడాదీ ఒక చిక్కు వస్తుంది. ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం మాట్లాడే పిల్లలు కదా, పచ్చ అనగానే వాళ్ళకు తమిళపు పచ్చై గుర్తుకు వస్తుంది. బొమ్మలో ఆ చుక్కకు ఆకుపచ్చ రంగు వేసి తెస్తారు. అది పసుపుపచ్చ నాయనా అని దిద్దించాల్సి వస్తుంది. డాక్టర్లు దానినే మాక్యులా అంటారు.

చుక్క చిన్నదే గాని దాని పని పెద్దది. మీరు పేపరు చదివినా, సూదిలో దారం ఎక్కించినా, ఎదుటి మనిషి మొహం పోల్చుకున్నా అది ఆ చుక్క చలవే. మిగతా రెటీనా అంతా చేసే పని పక్కచూపు. గడప తగలకుండా నడవటానికి, పక్కనుంచి వచ్చే బండిని పసిగట్టటానికి అది చాలు. అక్షరానికి మాత్రం చాలదు.

ఈ పచ్చచుక్క కింద నెత్తురు చేరితే ఏమవుతుంది, దాన్ని కంటిలోకి ఒక వాయువు ఎక్కించి పక్కకు నెట్టే వైద్యం ఎలా పుట్టింది అన్నదే ఈనాటి ముచ్చట. కంటిలోకి గాలి ఎక్కించటమేమిటని మీరు ఆశ్చర్యపోవచ్చు. ఆ పద్ధతికి నూరేళ్ళు దాటిన చరిత్ర ఉంది.

ముందు నెత్తురు ఎక్కడినుంచి వస్తుందో చూద్దాం. రెటీనాకు కింద రక్తనాళాలతో నిండిన మరో పొర ఉంది. చూపు కణాలకు ఆహారం, ప్రాణవాయువు ప్రధానంగా అక్కడినుంచే అందుతాయి. వయసు మీరినవారిలో కొందరికి ఆ పొరనుంచి పనికిరాని కొత్త నాళాలు మొలుస్తాయి. పాత గోడ పగులులో రావిమొక్క మొలిచినట్టన్నమాట. వాటి గోడలు బలహీనం. ఏదో ఒకనాడు చిట్లుతాయి. ఆసియావాసుల్లో ఎక్కువగా కనిపించే మరో రకం జబ్బులో ఆ నాళాల చివర బుడిపెలు ఏర్పడి అవి పగులుతాయి. ఈ రకాన్ని అమెరికాలో యానుజ్జీ అనే వైద్యుడు 1982లో మొదటిసారి వివరించాడు. బాగా ఎక్కువ మైనస్ అద్దాలు పెట్టుకునేవారికీ, కంటికి బలమైన దెబ్బ తగిలినవారికీ కూడా ఇలా జరగవచ్చు.

నొప్పి ఉండదు. కన్ను ఎర్రబడదు. చూసే చూపుకు సరిగ్గా నడుమ ఒక నల్లని మచ్చ వచ్చి కూర్చుంటుంది, అంతే. ఇక్కడే పెద్ద మోసం ఉంది. రెండో కన్ను బాగా ఉంటే మనిషికి ఆ సంగతి చప్పున తెలియదు. తెలిసినా పట్టించుకోడు. మా వీధిలో ఒక పెద్దాయన ఎడమ కంటికి మసక కమ్మితే, కుడికన్ను కనిపిస్తోంది కదా, పొంగల్ పండుగ వెళ్ళనీ అన్నారు. పండుగ వెళ్ళింది, మనవరాలి సీమంతం వెళ్ళింది. డాక్టరు దగ్గరకు చేరేసరికి అయిదు వారాలు. అప్పటికి చుక్క కింద మచ్చ గట్టిపడింది. ఆ అయిదు వారాలకు విలువ ఎంతో ఈ చరిత్ర తెలిస్తే మీకే అర్థమవుతుంది.

1851లో జర్మనీలో హెల్మ్‌హోల్ట్జ్ కంటి లోపలికి చూసే పరికరం తయారు చేశాడు. అంతకు ముందు బతికున్న మనిషి కంటి వెనుక గోడను చూసి పరీక్షించే సాధనం వైద్యుల చేతిలో లేదు. చూడటం వచ్చాక కూడా చేయటం రాలేదు. 1926లో యూనియుస్, కూంట్ అనే ఇద్దరు జర్మన్ వైద్యులు ముసలివారి పచ్చచుక్క కింద పళ్ళెం ఆకారంలో మచ్చ కట్టే జబ్బును వివరంగా రాశారు. జబ్బుకు పేరు దొరికింది, మందు దొరకలేదు. నెత్తురు దానంతట అది ఇంకిపోవాలి. కొన్ని నెలలు పడుతుంది. ఇంకిపోయే నాటికి చాలామందికి మిగిలేది ఆ మచ్చే.

నెత్తురు ఇంకిపోతుంది సరే, చూపు ఎందుకు తిరిగి రాదు? దీనికి జవాబు వెతకటానికి 1980 దాకా ఎవరూ గట్టిగా పూనుకోలేదనే చెప్పాలి. 1982లో గ్లాట్, మాకెమర్ అనే ఇద్దరు కుందేళ్ళ రెటీనా కింద నెత్తురు ఎక్కించి చూశారు. చూపు కణాలు పాడవటం నెలల్లో కాదు, రోజుల్లోనే మొదలవుతోందని తేలింది. 1991లో సింథియా టోత్, ఆమె తోటివారు పిల్లుల కళ్ళలో ఇంకా నిశితంగా పరిశీలించారు. నెత్తురు గడ్డకట్టినప్పుడు ఫైబ్రిన్ అనే పదార్థం సన్నని దారాల వలలాగా అల్లుకుంటుంది. వేలు తెగినప్పుడు మనను కాపాడేది ఆ వలే. రెటీనా కింద మాత్రం ఆ దారాలు చూపు కణాల కొసలను పట్టుకుంటాయి. గడ్డ ముడుచుకుంటున్న కొద్దీ ఆ కొసలు తెగిపోతాయి. దీనికి తోడు నెత్తురులోని ఇనుము ఆ కణాలకు విషం. పైగా గడ్డ అడ్డుగా ఉండటం వల్ల కిందినుంచి రావలసిన ఆహారం అందదు. ఒక్క దెబ్బ కాదు, మూడు దెబ్బలు.

అయితే తీసేస్తే సరి అనుకున్నారు. పైన చెప్పిన మాకెమరే 1971లో కంటి మధ్యలోని జెల్లీ వంటి విట్రియస్‌ను సన్నని పరికరంతో తీసే శస్త్రచికిత్సను లోకానికి అందించినవాడు. ఆ దారిలో 1980లలో కొందరు సర్జన్లు ఇంకో అడుగు వేశారు. రెటీనాలో చిన్న రంధ్రం చేసి, కిందనున్న గడ్డను పట్టుకుని బయటకు లాగారు. గడ్డ వచ్చింది. దానితో పాటు చూపు కణాలూ ఊడి వచ్చాయి. ముళ్ళకంప మీద పడ్డ చీరను విసురుగా లాగితే ఏమవుతుందో మన ఆడవారికి చెప్పనక్కరలేదు.

లాగకుండా కరిగిస్తేనో? ఈ ఆలోచనకు ఆసరా గుండెజబ్బు మందుల నుంచి వచ్చింది. మన ఒంట్లోనే గడ్డను కరిగించే ఒక పదార్థం ఉంది. టిష్యూ ప్లాస్మినోజెన్ ఆక్టివేటర్ అని దాని పేరు, పొట్టిగా టీపీఏ. బెల్జియంలో దెజిరె కోలెన్ బృందం 1980 ప్రాంతంలో దీన్ని ఒక రకం చర్మపు కేన్సరు కణాల నుంచి శుద్ధిగా వేరుచేసింది. కేన్సరు కణం నుంచి ప్రాణం నిలిపే మందు రావటం విచిత్రమే. 1987లో అమెరికా ప్రభుత్వం గుండెపోటుకు ఈ మందును అనుమతించింది. కంటి వైద్యులు వెంటనే అందిపుచ్చుకున్నారు. గుండెకు 100 మిల్లీగ్రాములు ఇస్తే, కంటికి కావలసింది అందులో వెయ్యో వంతు, రెండువేలో వంతు. 1990 తర్వాత ఈ మందును రెటీనా కిందికి పోసి, గడ్డను కరిగించి, నెమ్మదిగా పీల్చేసే శస్త్రచికిత్సలు మొదలయ్యాయి. ఫలితం కొంత మెరుగే. అయినా అది పెద్ద ఆపరేషన్. ముసలి ప్రాణాలకు అదొక పరీక్ష.

ఇక మన గాలి కథకు వద్దాం. 1911లో ఓమ్ అనే జర్మన్ కంటి వైద్యుడు ఊడిన రెటీనాను తిరిగి గోడకు అంటించటానికి కంటిలోకి శుభ్రమైన గాలి ఎక్కించాడు. విద్యుత్తు పాఠంలో వచ్చే ఓమ్ ఈయన కాడు, పిల్లలు వింటుంటే గమనించండి. ఆయన 1854లోనే చనిపోయాడు. 1938లో స్వీడన్‌లో రోసెన్‌గ్రెన్ ఈ పద్ధతిని మళ్ళీ పైకి తెచ్చాడు. కాని మామూలు గాలి కొద్ది రోజులకే రక్తంలో కలిసి మాయమైపోతుంది. 1973లో అమెరికాలోని మయామీలో ఎడ్వర్డ్ నార్టన్ సల్ఫర్ హెక్సాఫ్లోరైడ్ అనే వాయువును వాడి చూపించాడు. కరెంటు సబ్‌స్టేషన్ల స్విచ్‌గేర్‌లో నిప్పురవ్వ లేవకుండా నింపే వాయువు అదే. రంగు లేదు, వాసన లేదు, దేనితోనూ సులభంగా కలవదు.

దీనికి ఇంకో గుణం ఉంది. కంటిలోకి వెళ్ళిన తర్వాత ఉబ్బుతుంది. మంత్రమేమీ లేదు. ఈ వాయువు చాలా నెమ్మదిగా బయటకు పోతుంది. ఈలోగా రక్తంలోని నత్రజని వంటి వాయువులు త్వరత్వరగా బుడగలోకి వచ్చి చేరతాయి. పోయేవారు తక్కువ, వచ్చేవారు ఎక్కువ అయితే ఇల్లు నిండినట్టే. సల్ఫర్ హెక్సాఫ్లోరైడ్ ఒకటి రెండు రోజుల్లో రెట్టింపై, రెండు వారాల వరకు ఉంటుంది. తర్వాత వాడుకలోకి వచ్చిన పెర్‌ఫ్లోరోప్రొపేన్ మూడు రోజుల్లో నాలుగింతలై, ఆరు నుంచి ఎనిమిది వారాలు నిలుస్తుంది. అందుకే ఎక్కించేది మిల్లీలీటరులో మూడో వంతు మాత్రమే అయినా సరిపోతుంది. 1986లో హిల్టన్, గ్రిజార్డ్ ఊడిన రెటీనాకు ఆపరేషన్ గది అక్కరలేకుండా ఒక్క వాయు ఇంజెక్షన్‌తో చేసే వైద్యాన్ని ప్రచురించారు. అంటే సాధనమంతా చేతిలో ఉంది. దాన్ని నెత్తురు మీద ప్రయోగించాలన్న ఊహ రావటమే తరువాయి.

ఆ ఊహ ఆస్ట్రేలియాకు చెందిన విల్సన్ హీరియట్‌కు వచ్చింది. 1996 అక్టోబరులో చికాగోలో జరిగిన నేత్రవైద్యుల మహాసభలో ఆయన ఒక ప్రసంగం చేశాడు. రెటీనాను ముట్టుకోవద్దు, రంధ్రం చేయవద్దు. టీపీఏ ఒక ఇంజెక్షన్‌గా విట్రియస్‌లోకి ఇవ్వండి, వాయువు కొంచెం ఎక్కించండి, రోగిని బోర్లా ఉండమనండి. ఇదీ ఆయన చెప్పిన దాని సారాంశం. రోగి అదే రోజు ఇంటికి పోవచ్చు.

ఇది ఎలా పనిచేస్తుందో ఊహించుకోవటానికి మేస్త్రీ వాడే రసమట్టం చాలు. దాన్ని ఎటు తిప్పినా బుడగ పైకే పోతుంది. మనిషి మొహం నేలకు వంచితే కంటి వెనుక గోడే పైకప్పు అవుతుంది. బుడగ పోయి సరిగ్గా పచ్చచుక్కకు ఆనుకుంటుంది. బయటినుంచి అది నొక్కుతుంటే, లోపల కరిగిన నెత్తురు చుక్క కిందినుంచి అంచులవైపు జారుతుంది. తర్వాత రోగి గడ్డం వంచి కూర్చుంటే నెత్తురు బరువుకు ఇంకా కిందికి దిగుతుంది. నెత్తురు కంటిలోనే ఉంటుంది, ఎక్కడికీ పోదు. కాకపోతే అక్షరం చదివే చోటునుంచి తప్పుకుని, లేకపోయినా అంత నష్టం లేని చోటికి చేరుతుంది. పీటల మీద కూర్చున్నవారిని లేపి అరుగు మీద కూర్చోబెట్టినట్టు.

1998లో జపాన్‌లోని ఒసాకాలో ఓజీ, తానో మరికొందరు టీపీఏ లేకుండా వాయువు ఒక్కటే ఎక్కించినా నెత్తురు తొలగుతోందని రాశారు. 1999లో అమెరికాలోని మిషిగన్ వైద్యులు హసన్, జాన్సన్ ప్రభృతులు రెండూ కలిపి 15 కళ్ళకు చేసిన వివరాలు ప్రచురించారు. పదిహేనింటిలోనూ నెత్తురు నడిమి చోటునుంచి తప్పుకుంది. 14 కళ్ళలో చూపు అక్షరాల పటం మీద కనీసం రెండు వరసలు మెరుగైంది. అయితే సుమారు పదినెలల తర్వాత చూస్తే ఆ మెరుగు నిలిచింది 10 కళ్ళలోనే. కొన్నింటిలో మళ్ళీ నెత్తురు వచ్చింది. ఒక కంటికి చీము పట్టింది.

అదే ఏడాది ఇంకో పేచీ. కామేయి అనే వైద్యుడి బృందం కుందేళ్ళలో పరీక్షించి, విట్రియస్‌లోకి ఇచ్చిన టీపీఏ చెక్కుచెదరని రెటీనాను దాటి కిందికి పోదని చెప్పింది. పోనిదే గడ్డ ఎలా కరుగుతుంది? జబ్బుపడ్డ రెటీనాలో కనిపించని చిల్లులుంటాయి, వాటిగుండా పోతుందని కొందరి వాదన. సైన్సులో ఇటువంటివి తరచు జరుగుతాయి. రోగి కోలుకున్నాడు సరే, ఏ మందు వల్ల కోలుకున్నాడన్నది తేలదు.

నా దృష్టిలో ఈ కథలో అసలు మలుపు 2004లో వచ్చింది. అమెరికాలో 336 మందిని రెండు భాగాలు చేసి, ఒక భాగానికి గడ్డనూ చెడ్డ నాళాలనూ తీసే పెద్ద శస్త్రచికిత్స చేశారు. రెండో భాగాన్ని ఊరికే గమనిస్తూ ఉన్నారు. రెండేళ్ళ తర్వాత చూపు నిలిచిందా, మెరుగైందా అన్న లెక్కలో శస్త్రచికిత్స పొందినవారు ముందుండలేదు. పైగా వారిలో రెటీనా ఊడటం ఎక్కువగా జరిగింది. అంత నేర్పుగల చేతులు అంత శ్రమపడి చేసిన పనికి ఆ ఫలితం. నెత్తురు తొలగించటం ఒకటి, చూపు నిలబెట్టటం వేరొకటి అని అప్పటికి అందరికీ తేటపడింది. చిట్లిన నాళం అక్కడే ఉంది. దాని నోరు మూయనిదే ఎన్నిసార్లు తుడిచినా మళ్ళీ కారుతుంది.

నోరు మూసే మందు ఎక్కువ కాలం ఆలస్యం చేయలేదు. పెద్దపేగు కేన్సరుకు వాడే బెవాసిజుమాబ్‌ను 2005లో మయామీలో కంటిలోకి ఇచ్చి చూశారు. అదే కోవకు చెందిన రానిబిజుమాబ్‌కు 2006లో అనుమతి వచ్చింది. కొత్త నాళాలు మొలవటానికి ఒంట్లో ఒక రసాయన సంకేతం ఉంటుంది. ఈ మందులు ఆ సంకేతాన్ని ఆపుతాయి. ఒక్కసారితో సరిపోదు, నెలకోసారి, రెండు నెలలకోసారి వేయించుకుంటూ పోవాలి. ఇవి వచ్చాకనే వాయు బుడగకు సరైన తోడు దొరికింది. బుడగ అడ్డు తొలగిస్తుంది, మందు ఊటను ఆపుతుంది.

2023లో ఫ్రాన్సునుంచి ఒక పరిశోధన వెలువడింది. 90 మంది రోగుల్లో సగం మందికి విట్రియస్ తీసి, రెటీనా కిందికే టీపీఏ ఇచ్చే ఆపరేషన్ చేశారు. మిగతా సగం మందికి ఇంజెక్షన్లతో టీపీఏ, వాయువు ఇచ్చారు. ఇరువురికీ రానిబిజుమాబ్ వేశారు. చూపులో చెప్పుకోదగ్గ తేడా లేదు. చికాగోలో హీరియట్ చెప్పిన చిన్న పద్ధతి పెద్ద ఆపరేషన్‌కు దీటుగా నిలిచింది. పచ్చచుక్కను దాటి చాలా దూరం పాకిన లావుపాటి గడ్డలకు మాత్రం చాలామంది సర్జన్లు ఆపరేషన్ వైపే మొగ్గుతారు. పలుచగా కొద్దిగా ఉన్నదానికి వాయువు కూడా అక్కరలేదు, నాళాలను ఆపే మందు ఒక్కటే సరిపోవచ్చు. ఏది ఎవరికన్నది చూసే డాక్టరు చెప్పాల్సిన మాట.

గడువు సంగతి ఇప్పుడు చెబుతాను. సాధారణంగా మొదటి రెండు వారాల్లో వచ్చినవారినే ఎక్కువగా మేలు జరిగే వారిగా లెక్కపెట్టారు. ఎంత ముందైతే అంత మంచిది. మా వీధి పెద్దాయనకు దక్కనిది ఆ రెండు వారాలే. కనుక మీ ఇంట్లో అరవై దాటిన తాతలు, అవ్వలు ఉంటే వారానికి ఒకసారి ఒక కన్ను మూసి గోడమీది క్యాలెండరు చూడమనండి. తర్వాత రెండో కన్ను మూయమనండి. గళ్ళ గీతలు వంకరగా కనిపించినా, నడిమి తేదీలు మాయమైనా ఆగవద్దు. స్విట్జర్లండు వైద్యుడు ఆమ్‌స్లర్ ఇందుకే గళ్ళ కాగితం ఒకటి తయారు చేశాడు. క్యాలెండరు గళ్ళు దానికి పూర్తిగా సాటిరావు గాని, కాగితం లేని ఇంట్లో అవే ఆసరా. రెటీనా చికిత్సకు మనం దూరదేశాలు పోనక్కరలేదు. 1976లో మదురైలో 11 పడకలతో మొదలైన అరవింద్, 1978లో చెన్నైలో వెలసిన శంకర నేత్రాలయ, 1987లో హైదరాబాదులో వచ్చిన ఎల్.వి. ప్రసాద్ సంస్థ అందరికీ తెలిసినవే.

వాయువు ఎక్కించుకున్నవారికి కొన్ని కట్టుబాట్లున్నాయి. డాక్టరు చెప్పినన్ని గంటలు, చెప్పినన్ని రోజులు బోర్లా ఉండాలి. మెడ నొప్పి పుడుతుంది, విసుగు పుడుతుంది. మంచం చివర తల దించుకుని, కింద పీట మీద అన్నం పళ్ళెం పెట్టుకుని తినవలసి వస్తుంది. వెల్లకిలా పడుకోకూడదు. బుడగ ముందుకు వచ్చి కటకానికి ఆనుకుంటుంది.

విమానం ఎక్కకూడదు. ఎందుకో తొమ్మిదో తరగతి పిల్లవాడు చెప్పగలడు. బయటి పీడనం తగ్గితే వాయువు వ్యాపిస్తుంది, అది బాయిల్ సూత్రం. కన్ను బెలూన్ కాదు, సాగదు. లోపలి ఒత్తిడి పెరిగి కంటి నరానికి రక్తం అందకుండా పోవచ్చు. మన ప్రాంతంవారు ఇంకోటి గుర్తుంచుకోవాలి. కొడైకెనాల్ సముద్రమట్టానికి 2,100 మీటర్ల ఎత్తు, ఊటీ ఇంకొంచెం ఎక్కువ. మైదానంనుంచి అక్కడికి బస్సులో వెళితే ఆ తేడాకు వాయువు సుమారు నాలుగోవంతు పెరగజూస్తుంది. కంట్లో బుడగ ఉన్నంతకాలం ఘాట్ రోడ్డు ప్రయాణాలు డాక్టరును అడగకుండా పెట్టుకోవద్దు. పంటికో, ఒంటికో ఆపరేషన్ చేయించుకోవలసి వస్తే మత్తు ఇచ్చే డాక్టరుకు కంటిలో వాయువు ఉందని ముందే చెప్పాలి. నైట్రస్ ఆక్సైడ్ మత్తు ఇస్తే అది గబగబా బుడగలోకి చేరుకుంటుంది. దానివల్ల చూపు పూర్తిగా పోయిన సందర్భాలున్నాయి. అందుకే చాలా ఆస్పత్రుల్లో రోగి మణికట్టుకు ఒక పట్టీ కడతారు. స్నానంలో తడిసిందని తీసి పారేయకండి.

బుడగ ఉన్నన్నాళ్ళూ ఆ కంటికి నీళ్ళలోంచి చూస్తున్నట్టు ఉంటుంది. బుడగ నిజానికి కంటి పైభాగంలో తేలుతూ ఉన్నా, రెటీనా మీద బొమ్మ తలకిందులుగా పడుతుంది కనుక రోగికి అది కిందవైపున కనిపిస్తుంది. రోజులు గడుస్తుంటే గ్లాసులో నీటి అంచులాంటి ఒక గీత కనిపించి మెల్లగా కిందికి దిగుతుంది. ఆ గీత పైన చూపు తేటగా ఉంటుంది. చివరికి గోళీకాయంత గుండ్రని బుడగ ఒకటి మిగిలి, తల కదిపితే అటూ ఇటూ దొర్లుతుంది. ఒక్కోసారి అది రెండు మూడుగా చీలుతుంది కూడా. ఒక ఉదయం లేచి చూస్తే అదీ ఉండదు. అప్పుడు డాక్టరు ఆ కంటితో పటంలోని అక్షరాలు చదివిస్తాడు, తర్వాతి ఇంజెక్షన్‌కు తేదీ రాసి ఇస్తాడు.